అబార్షన్ అయ్యి ఇంటికొచ్చాక: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిల్లో ఒకటే మాట. ఆపరేషన్ పద్ధతిలో అబార్షన్ అయ్యింది, ఇంటికొచ్చేశాం, ఇప్పుడేంటి? హాస్పిటల్లో పది పదిహేను నిమిషాల్లో అయిపోయిన పనికి ఇంట్లో పదిహేను రోజులు భయపడుతూ కూర్చుంటున్నారు. చేతిలో పెట్టిన కాగితం మీద నాలుగు లైన్లు ఉంటాయి, అవి కూడా మత్తు పూర్తిగా దిగకముందే చదివి వినిపించేస్తారు, ఇంటికెళ్లాక ఒక్క ముక్క గుర్తుండదు. ఎవరినన్నా అడుగుదామంటే చాలామందికి ఇంట్లో చెప్పుకునే వీలు లేదు. అందుకే ఈ నెల పేజీలన్నీ దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్లు. తొమ్మిదో వారంలో సక్షన్ చేశారు. ఆ రోజు కొంచెం బ్లీడింగ్ అయ్యింది, తర్వాత మూడు రోజులు దాదాపు ఏమీ లేదు, హమ్మయ్య అయిపోయింది అనుకుని ఆఫీసుకి కూడా వెళ్లిపోయా. ఐదో రోజు పొద్దున మంచం దిగి నిలబడగానే ఒక్కసారి బుడుంగున బ్లీడింగ్, బాత్రూంలో చూస్తే కార్జం ముక్కలా ఒక గడ్డ. లోపల ఏదో మిగిలిపోయిందేమోనని వణికిపోయా. నా ఫ్రెండ్ ఒక్కదానికే తెలుసు. ఇది మామూలేనా? ఎప్పుడు హాస్పిటల్‌కి పరిగెత్తాలి?

జవాబు: అమ్మా, ముందు ఊపిరి పీల్చుకో. నువ్వు రాసింది దాదాపు నేను రోజూ వినే కథే, ఐదో రోజు కథ అంటాను నేను దాన్ని. సక్షన్, అంటే సన్నటి గొట్టంతో పీల్చి తీసెయ్యడం, అయిన రోజు గర్భసంచి ఖాళీ అయ్యి గట్టిగా ముడుచుకుంటుంది, అందుకే చాలామందికి మొదటి రెండు మూడు రోజులు బ్లీడింగ్ చాలా తక్కువ ఉంటుంది, కొందరికి అసలు ఉండదు. ఈలోపు ఒంట్లో ప్రెగ్నెన్సీ హార్మోన్లు పడిపోతుంటాయి, అవి పడిపోయేసరికి మూడు నుంచి ఐదో రోజు మధ్యలో పీరియడ్ లాగా బ్లీడింగ్ మొదలవుతుంది, నొప్పి కూడా కాస్త పెరుగుతుంది. ఇక పొద్దున లేవగానే అంత ఎందుకొచ్చిందంటే, రాత్రంతా పడుకుని ఉన్నప్పుడు కారిన కొంచెం కొంచెం రక్తం లోపలే నిలిచి గడ్డ కడుతుంది, నిలబడగానే అదంతా ఒకేసారి దిగుతుంది. గడ్డ కనపడగానే అందరూ ముక్క మిగిలిపోయింది అనుకుంటారు, కానీ ఎక్కువసార్లు అది గడ్డకట్టిన రక్తమే.

ఇలా వస్తూ ఆగుతూ, ఒకరోజు ఎర్రగా ఒకరోజు బ్రౌన్‌గా, వారం నుంచి రెండు వారాల దాకా ఉండొచ్చు. మెట్లెక్కినా, బరువు మోసినా, రోజంతా నిలబడినా ఆ సాయంత్రం కొంచెం పెరుగుతుంది. పెరిగితే ఆ రోజు కాస్త పడుకో, తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఎంత అయితే ఎక్కువ. భయం వేసినప్పుడు ప్రతి చుక్కా ఎక్కువగానే కనిపిస్తుంది కాబట్టి కంటితో చూసి లెక్క కట్టొద్దు, ప్యాడ్‌తోనూ గడియారంతోనూ లెక్క కట్టు. నేను నా పేషెంట్లకి చెప్పేదేంటంటే కొత్త ప్యాడ్ మార్చిన ప్రతిసారీ ఆ ప్యాడ్ కవర్ మీదే పెన్నుతో టైం రాసి బాత్రూంలో ఒక మూల పెట్టుకోమని. పెద్ద సైజు ప్యాడ్లు గంటలో రెండు పూర్తిగా తడిసిపోతూ, అలాగే వరసగా రెండు గంటలు సాగితే అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే బయల్దేరాలి. పూర్తిగా అంటే ముందు నుంచి వెనక దాకా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నానిపోవడం, మధ్యలో మరకైతే అది లెక్కలోకి రాదు. నిమ్మకాయంత గడ్డ ఒక్కసారి పడి ఆగిపోతే ఫర్వాలేదు, అంతకంటే పెద్దవి ఒకదాని వెనక ఒకటి పడుతుంటే మాత్రం వెళ్లాలి. అలాగే కళ్లు తిరిగి పడిపోతున్నా, గుండె దడదడలాడుతున్నా, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడుతున్నా ఆ రెండు గంటల లెక్క కోసం కూడా ఆగకు.

రెండోది జ్వరం. ఇంట్లో థర్మామీటర్ ఒకటి పెట్టుకో, చెయ్యి పెట్టి చూసేది లెక్క కాదు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. ఒక చిన్న మెలిక ఉంది ఇక్కడ, ప్రొసీజర్‌కి ముందు గర్భసంచి ముఖద్వారం మెత్తబడడానికి మిసోప్రోస్టాల్ టాబ్లెట్లు ఇచ్చి ఉంటే ఆ రోజు కాసేపు చలి, వణుకు, జ్వరం రావచ్చు, కొన్ని గంటల్లో పోతుంది. మర్నాడో ఆ తర్వాతో వచ్చిన జ్వరాన్ని మాత్రం ఆ టాబ్లెట్ల మీదకి నెట్టేయొద్దు, ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు. కుళ్లు వాసన వచ్చే డిశ్చార్జ్ ఉన్నా, పొత్తికడుపు ముట్టుకుంటేనే నొప్పి పుడుతున్నా అంతే. యాంటీబయాటిక్ రాసిచ్చి ఉంటే బాగానే ఉందిగా అని మధ్యలో ఆపకు, కోర్సు మొత్తం మింగు.

ఒక పక్కన మాత్రమే పొడిచినట్టు నొప్పి, దాంతోపాటు భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది వేరే కథ, ప్రెగ్నెన్సీ గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండిపోయి ఉండొచ్చు. చాలా అరుదు, కానీ ప్రాణం మీదకి తెస్తుంది, అందుకే రాస్తున్నా.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నావు. చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేను బలవంతపెట్టను. కానీ ఆ ఫ్రెండ్‌కి ఈ రెండు వారాలు రాత్రిపూట ఫోన్ సైలెంట్‌లో పెట్టొద్దని చెప్పు, నీ హాస్పిటల్ నంబర్ తన దగ్గర కూడా ఉంచు. బ్లీడింగ్ ఎక్కువై కళ్లు తిరిగేటప్పుడు నంబర్ వెతుక్కునే ఓపిక ఉండదు తల్లీ.

ప్రశ్న: నాకు రివర్స్‌లో ఉంది డాక్టర్ గారూ. నిన్న పొద్దున క్లీనింగ్ అయ్యింది, బ్లీడింగ్ అస్సలు లేదు, కానీ రాత్రి నుంచి పొత్తికడుపులో నొప్పి గంట గంటకీ పెరుగుతోంది, మోషన్ వస్తున్నట్టు కింద బరువుగా ఉంది. బ్లీడింగ్ లేకపోతే మంచిదేగా?

జవాబు: బ్లీడింగ్ లేకపోవడం ఒక్కటే ఉంటే మంచిదే, కానీ నొప్పి పెరుగుతూ కింద అలా ఒత్తిడిగా ఉందంటే రక్తం బయటికి రాకుండా గర్భసంచిలోనే నిండిపోతోందేమో అని అనుమానించాలి. ఇది జరుగుతుంది, భయంకరమైనది కాదు, కానీ దానంతటదే పోతుందని రోజులు గడపకూడదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డుకి కింద, ముందుండే ఎముకకి కొంచెం పైన అరచేతి మడమతో గట్టిగా గుండ్రంగా పది నిమిషాలు నొక్కి చూడండి, ఒక్కోసారి గడ్డలు పడిపోయి నొప్పి టక్కున తగ్గిపోతుంది. తగ్గలేదా, టాబ్లెట్ వేసుకున్నా అలాగే ఉందా, వెంటనే వెళ్లి స్కాన్ చేయించుకోవాలి. చాలావరకు ఇంకోసారి సక్షన్ పెట్టి ఆ రక్తం తీసేస్తే అయిపోతుంది. ఈ ఉత్తరానికి ఫోన్‌లో అప్పుడే జవాబు చెప్పేశాం, ఇక్కడ వేస్తున్నది ఇదే అవస్థ ఇంకొకరికి వస్తే పనికొస్తుందని.

మీరు క్లీనింగ్ అన్నారు, చాలామంది డి అండ్ సి అంటారు, నిజానికి ఇప్పుడు ఎక్కువగా చేసేది గీకడం కాదు, సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో పీల్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 14 వారాల లోపు గీకే పద్ధతి వద్దు, పీల్చే పద్ధతే వాడమంటోంది. మీకు ఏది చేశారో డిశ్చార్జ్ కాగితంలో చూసుకోండి, తర్వాత ఎప్పుడైనా డాక్టర్ అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

మామూలు నొప్పికైతే ఐబుప్రోఫెన్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే గర్భసంచిని ముడుచుకునేలా చేసే పదార్థాన్నే అది తగ్గిస్తుంది. నొప్పి తలకెక్కేదాకా ఓర్చుకుని అప్పుడు వేసుకునే కంటే మొదలవుతుండగానే ఏదైనా తిని వేసుకోవడం మేలు. డాక్టర్ వేరేగా చెప్పకపోతే 400 మిల్లీగ్రాములది రోజుకి మూడు దాటొద్దు. అల్సర్, కిడ్నీ సమస్య, కొన్ని రకాల ఆస్తమా ఉన్నవాళ్లు దాని జోలికే వెళ్లొద్దు, పారాసిటమాల్ వేసుకోండి, 500వి రెండేసి చొప్పున ఆరు గంటలకోసారి, రోజు మొత్తంలో ఎనిమిది మించకుండా, సన్నగా 50 కేజీల లోపు ఉన్నవాళ్లు ఇంకా తక్కువే, ఎంతో డాక్టర్‌ని అడగండి. రెండూ కలిపి ఉన్న టాబ్లెట్లు ఉంటాయి, తెలీక దాని మీద మళ్లీ విడిగా వేసేసుకుంటారు, అట్ట వెనక ఒకసారి చదవండి. ఆస్పిరిన్ మాత్రం నొప్పికని వేసుకోవద్దు, బ్లీడింగ్ పెంచుతుంది. హాట్ వాటర్ బ్యాగ్ గుడ్డలో చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకుంటే సగం నొప్పి అక్కడే పోతుంది.

ప్రశ్న: మేడం, నేను మగవాణ్ని, రాయొచ్చో లేదో తెలీదు. నా భార్యకి నాలుగు రోజుల కింద అబార్షన్ అయ్యింది, ఇద్దరం కలిసే నిర్ణయం తీసుకున్నాం. తను ఏమీ మాట్లాడట్లేదు. ఏమన్నా కావాలా అంటే వద్దు అంటోంది. నేనేం చెయ్యాలి?

జవాబు: రాయొచ్చు బాబూ, రాసినందుకు సంతోషం. ముందు "ఏమన్నా కావాలా" అని అడగడం మానెయ్. ఆ ప్రశ్నకి జవాబు ఆలోచించే బరువు కూడా మళ్లీ ఆవిడ మీదే పడుతోంది. అడక్కుండా చేసేవి చాలా ఉన్నాయి. టాబ్లెట్లు ఎప్పుడు వేసిందీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అతికించు, తర్వాతది టైంకి నీళ్లతో సహా చేతికివ్వు. ప్యాడ్లు అయిపోకముందే తెచ్చి బాత్రూంలో చెయ్యి అందే చోట పెట్టు, టాంపాన్లు, కప్పులు కాదు, ఈ బ్లీడింగ్‌కి చాలామంది డాక్టర్లు ప్యాడ్లే వాడమంటారు, ఎంత పోతుందో తెలియడానికి కూడా అదే వీలు. వంట, గిన్నెలు, బట్టలు, వచ్చేపోయేవాళ్లకి సమాధానం చెప్పడం ఇవన్నీ నీవి ఈ వారం. ఇంతకుముందే పిల్లలుంటే వాళ్లు రాత్రి లేస్తే నువ్వే లేవాలి. నెలల పిల్లలు కాకుండా పెద్ద పిల్లలుంటే ఎత్తుకోమని అమ్మ మీద పడకుండా చూసుకో, ఎత్తుకుంటే ప్రమాదమని కాదు, ఆ నాలుగు రోజులు ఒళ్లు పచ్చిగా ఉంటుంది.

ఇది చదివే ఇంకొకరికి ఇదే మొదటి రోజైతే, మత్తు ఇచ్చి చేసిన మొదటి 24 గంటలు ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దు, బండి నడపనివ్వొద్దు. బాత్రూం తలుపు లోపల గడియ పెట్టొద్దని చెప్పండి. స్నానం అదే రోజు చెయ్యొచ్చు, షవర్ కింద లేదా బకెట్ నీళ్లతో, మరీ వేడి నీళ్లయితే కళ్లు తిరుగుతాయి.

ఇక మాట్లాడకపోవడం గురించి. ఆవిడకి నీ మీద కోపమా, బాధా, అలసటా, ఏదీ కాకుండా ఊరికే నిశ్శబ్దంగా ఉండాలనుందా, నాకు తెలీదు, నీకూ తెలీదు, ఆవిడకీ ఇంకా తెలీకపోవచ్చు. హార్మోన్లు పడిపోతున్నప్పుడు ప్రసవం తర్వాత వచ్చినట్టే కారణం లేని ఏడుపు, చిరాకు రావచ్చు. పక్కన కూర్చో. "మనం చేసింది కరెక్టే కదా" అని ఆవిడతో ఒప్పించుకోవడానికి మాత్రం చూడకు, ఆ భరోసా నీకు కావాలి, నాకర్థమవుతోంది, కానీ ఈ నాలుగు రోజుల్లో ఆవిడ దగ్గర అడగొద్దు, నీ స్నేహితుడితో మాట్లాడు. ఆవిడ నోరు విప్పిన రోజు సలహా ఇవ్వకుండా విను. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తినక, ఏ పనీ చెయ్యలేక ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. చచ్చిపోవాలనుంది అనే మాట ఎప్పుడు వచ్చినా, ఒక్కసారి వచ్చినా, అదే రోజు.

ప్రశ్న: మాకు కావాలనుకున్న బిడ్డే. స్కాన్‌లో బతికే అవకాశం లేని లోపం ఉందని తెలిసింది, 19వ వారంలో ఆపరేషన్ చేసి తీసేశారు. మూడో రోజు నుంచి పాలు వస్తున్నాయి. ఎవరూ ఇలా వస్తాయని చెప్పలేదు. నాకు చూసుకోవడానికే చేతకావట్లేదు.

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివి నేను కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. ఎవరూ చెప్పకపోవడం తప్పు, ముందే చెప్పాల్సింది. 16 వారాలు దాటాక ఆగిన ఏ ప్రెగ్నెన్సీలోనైనా పాలు రావచ్చు. మాయ బయటికి వచ్చాక ప్రొజెస్టెరాన్ పడిపోతుంది, ఒంటికి తెలిసింది అంతే, బిడ్డ పుట్టిందనుకుని తన పని తను మొదలుపెట్టేస్తుంది.

పిండొద్దు. రొమ్ముల బరువు తగ్గుతుందని పిండితే ఇంకా తయారవుతాయి. మరీ రాయిలా గట్టిపడి భరించలేకపోతే మాత్రం నొప్పి తగ్గేంత వరకే నాలుగు చుక్కలు వదిలి ఆపెయ్యి. మరీ బిగుతుగా కాకుండా ఆసరాగా పట్టి ఉంచే బ్రా రాత్రీ పగలూ వేసుకో, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాక్ పది పదిహేను నిమిషాలు పెట్టుకో, స్నానంలో వేడి నీళ్లు నేరుగా రొమ్ము మీద పడకుండా వీపు తిప్పి నిలబడు. ఐబుప్రోఫెన్ దీనికీ పనిచేస్తుంది. లోపల పెట్టుకునే నర్సింగ్ ప్యాడ్లు దొరుకుతాయి, బట్టల మీద తడి కనపడకుండా ఉంటుంది, ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. రెండు మూడు రోజులు గట్టిగా ఉండి తర్వాత మెల్లగా తగ్గిపోతాయి, చుక్కలుగా కారడం ఇంకొన్ని రోజులు ఉండొచ్చు. పాలు ఆగడానికి టాబ్లెట్ కూడా ఉంది, కాబెర్గోలిన్ అంటారు, బీపీ ఉన్నవాళ్లకి అందరికీ పడదు కాబట్టి డాక్టరే ఇవ్వాలి, అడగడానికి మొహమాటపడకు. ఒక చోట ఎర్రగా వేడిగా అయ్యి జ్వరం వస్తే చూపించుకో.

19 వారాలకి తీసేసినప్పుడు బ్లీడింగ్, నీరసం కూడా తొమ్మిది వారాల వాళ్ల కంటే ఎక్కువ ఉంటాయి, రెండో రోజే లేచి తిరుగుతున్నవాళ్లతో నిన్ను పోల్చుకోకు. ఎన్ని రోజులు సెలవు కావాలో అన్ని రోజులు తీసుకో.

మరో రెండు ఉత్తరాలు ఒకే రోజు వచ్చాయి. ఒకావిడ "నా ఇష్టంతోనే చేయించుకున్నా, అయినా ఏడుపు ఆగట్లేదు, అంటే తప్పు చేశానా" అని రాసింది. ఇంకొకావిడ "నాకు ఒక్క చుక్క కన్నీళ్లు రాలేదు, హాయిగా ఉంది, నేను రాతిగుండె దాన్నా" అని. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏడుపొచ్చినంత మాత్రాన నిర్ణయం తప్పైపోదమ్మా, సరైన నిర్ణయానికి కూడా ఏడుస్తాం. రెండో అమ్మాయికి చెప్పేదేంటంటే అమెరికాలో టర్నవే అనే పేరుతో అబార్షన్ అయిన ఆడవాళ్లని ఐదేళ్లు ఫాలో అయ్యి అడుగుతూ వచ్చారు, ఆ ఐదేళ్లలో ఎప్పుడడిగినా అన్నిటికంటే ఎక్కువగా చెప్పిన మాట రిలీఫ్. నీకు హాయిగా ఉంటే హాయిగానే ఉండు. దుఃఖం నటించాల్సిన పని లేదు.

చిన్న చిన్న ప్రశ్నలు చాలా ఉన్నాయి, గబగబా చెప్పేస్తా.

మూడు వారాలైంది, ఇంట్లో టెస్ట్ చేస్తే ఇంకా రెండు గీతలు వస్తున్నాయి, ప్రెగ్నెన్సీ అలాగే ఉందా అని ఒకరు. టెస్ట్‌లో గీత తెప్పించే ప్రెగ్నెన్సీ హార్మోన్ రక్తంలోంచి పూర్తిగా పోవడానికి నాలుగు వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది, కాబట్టి తొందరపడి టెస్ట్ చేసి గుండె ఆపుకోవద్దు. వేవిళ్లు తగ్గాయా లేదా అది చూసుకోండి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోవాలి. రొమ్ముల సలపరం వారం రెండు వారాలు ఉన్నా పర్లేదు. వారం దాటినా వాంతులు అలాగే ఉంటే, కడుపు పెరుగుతున్నట్టుంటే స్కాన్‌కి వెళ్లండి.

పీరియడ్ ఎప్పుడు అంటే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో. కానీ పీరియడ్ రాలేదుగా ఇప్పుడేం కాదులే అనుకునేవాళ్లే మళ్లీ నా దగ్గరికి రెండు నెలల్లో వస్తారు, నిజంగా వస్తారు. అండం రెండు వారాల లోపే విడుదల కావచ్చు, పీరియడ్ కంటే ముందు. అందుకే పిల్స్ కానీ ఇంజెక్షన్ కానీ అదే రోజు మొదలుపెట్టేయొచ్చు, కాపర్ టీ అయితే ప్రొసీజర్ అయిన వెంటనే అక్కడే వేయించుకోవచ్చు. కలవడం ఎప్పుడు అన్నదానికి ఎక్కువమంది డాక్టర్లు వారం రెండు వారాలు ఆగమంటారు, దానికి తోడు నీకు మనసొప్పాలి, అది రెండు వారాల్లో రావచ్చు రెండు నెలలు పట్టొచ్చు, అవతలి మనిషి ఆగాలి.

మళ్లీ పిల్లలు పుట్టరా అని అడిగినవాళ్లు ఆరుగురు. ఏ ఇబ్బందీ లేకుండా జరిగిన సక్షన్ వల్ల తర్వాత పిల్లలు పుట్టడానికి ఆటంకం ఉండదు. ఎనిమిది వారాలు దాటినా పీరియడ్ రాకపోతే, టెస్ట్‌లోనూ ఏమీ లేకపోతే ఒకసారి చూపించుకోండి, అరుదుగా లోపల పొర అతుక్కుపోతుంది, దానికి ట్రీట్‌మెంట్ ఉంది.

బ్లడ్ గ్రూప్ నెగెటివ్ ఉన్నవాళ్లు యాంటీ డి ఇంజెక్షన్ (తర్వాతి ప్రెగ్నెన్సీలో బిడ్డకి ఇబ్బంది రాకుండా ఇచ్చేది) గురించి డిశ్చార్జ్‌కి ముందే అడగండి. 12 వారాల లోపు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, చాలా హాస్పిటల్స్ అయినా ఇస్తాయి, ఇవ్వాలంటే 72 గంటల్లోపు ఇవ్వాలి కాబట్టి ఇంటికెళ్లాక గుర్తొస్తే మర్నాడే ఫోన్ చెయ్యండి.

చివరిది ఒక చెల్లెలు అడిగింది, రేపు పెళ్లయ్యి ప్రెగ్నెంట్ అయితే డాక్టర్‌కి ఇది చెప్పాలా అని. డాక్టర్‌కి చెప్పు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు, పక్కన ఎవరున్నా బయటికి పంపించమని అడిగే హక్కు నీకుంది. ఎన్నో వారంలో, ఏ పద్ధతిలో, మత్తు పడిందా లేదా, బ్లడ్ గ్రూప్ ఏంటి, ఇవి తెలిస్తే నిన్ను చూసుకోవడం తేలికవుతుంది. ఆ డిశ్చార్జ్ కాగితం ఇంట్లో దాచుకునే చోటు లేకపోతే ఫోటో తీసి నీకు మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన చోట పెట్టుకో, తర్వాత చింపెయ్యి.